పసిపిల్లలతో కారులో అరకు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం నుంచి అరకులోయకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా మైదానమే. ఆ ఊరు దాటాక కాసేపటికే ఘాట్ మొదలవుతుంది. ఎక్కడా ఆగకుండా వెళ్తే పెద్దవాళ్లకు మూడు, మూడున్నర గంటల ప్రయాణం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు వెంట ఉంటే మాత్రం గడియారాన్ని బిడ్డ నిద్ర, బిడ్డ కడుపు నడిపించాలి. చలికాలం మొదలవగానే వచ్చే సందేహాలు దాదాపు ప్రతిసారీ అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ప్రయాణం సాగే వరుసలోనే ప్రశ్నలున్నాయి. మీకు కావలసిన దాని దగ్గరికి నేరుగా వెళ్లండి.

## బయలుదేరాలని అనుకున్నప్పుడు

మా పాపకు ఏడు నెలలే. కొండ ఎక్కితే ఊపిరి అందక ఇబ్బంది పడుతుందా?

పడదు. అరకులోయ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కాబట్టి ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లలు, నెలలు నిండకుండా పుట్టి ఊపిరితిత్తుల సమస్యతో బాధపడ్డ పిల్లలు, ఈమధ్యే నిమ్ము చేసి తగ్గిన పిల్లలు అయితే ముందు మీ డాక్టరును అడగండి. మిగతా పిల్లల విషయంలో ఎత్తు కంటే చలి, మలుపులు, దోమల గురించే ఎక్కువ ఆలోచించాలి. మూడు నెలల లోపు పసికందులను మాత్రం ఈ ప్రయాణానికి తీసుకెళ్లకపోవడమే మంచిది. ఆ వయసులో జ్వరం వస్తే వెంటనే పిల్లల డాక్టరు చూడాలి, ఘాట్ మధ్యలో అది కుదరదు.

ఏ నెలలో వెళ్తే పిల్లలకు బాగుంటుంది?

అక్టోబరు చివర నుంచి నవంబరు చివర దాకా, మళ్లీ ఫిబ్రవరి. నవంబరులో వలిసె పూలు పొలాలను పసుపు చేస్తాయి, చలి ఇంకా ముదరదు. డిసెంబరు, జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. పైగా క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వారాంతాల్లో ఘాట్ మీద బండ్లు బారులు తీరతాయి. మలుపులో గంటసేపు ఆగిపోయిన కారులో ఏడాదిన్నర పిల్లవాణ్ని ఊరుకోబెట్టడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. తప్పదనుకుంటే మంగళ, బుధవారాలు చూసుకోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కొండలు అందంగానే ఉంటాయి కానీ కొండచరియలు, రాళ్లు రోడ్డు మీద పడే కాలం అది. అక్టోబరు, నవంబరులో తుపాను హెచ్చరిక ఉంటే గదికి కట్టిన డబ్బు పోయినా సరే, ప్రయాణం మానుకోండి.

పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చా?

పిల్లలతో వద్దు. ఒకే రోజులో రెండుసార్లు ఘాట్ అంటే ఏడెనిమిది గంటలు సీటులోనే. డిసెంబరులో విశాఖ వైపు సాయంత్రం ఐదున్నరలోపే పొద్దు గుంకుతుంది. ఒకరోజులో అన్నీ చూసి తిరిగి వచ్చేవాళ్లు సరిగ్గా చీకట్లోనే ఘాట్ దిగుతారు, అదీ అలసిపోయిన డ్రైవరుతో. రెండు రాత్రులు ఉంటే మధ్యలో ఒక రోజు పూర్తిగా కొండ మీద దొరుకుతుంది. ఒక్క రాత్రే కుదిరితే బొర్రా గుహలను గానీ, అరకు ఊళ్లోని చోట్లను గానీ ఎంచుకోండి. రెండూ పెట్టుకోవద్దు.

అరకుతో పాటు లంబసింగి కూడా కలిపేస్తే?

పాడేరు మీదుగా అరకు నుంచి లంబసింగి తొంభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారంతా కొండ రోడ్డే. లంబసింగిలో చూసేది తెల్లవారుజామున మంచు. అంటే బిడ్డను నాలుగింటికి లేపి, దాదాపు గడ్డకట్టే చలిలో బయటికి తేవాలి. ఐదేళ్లు నిండాక వెళ్లండి. వెళ్లేటప్పుడు కూడా దాన్ని విడిగా, నర్సీపట్నం మీదుగా పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి కారులోనే వద్దామనుకుంటున్నాం. కుదురుతుందా?

విశాఖ దాకానే సుమారు 620 కిలోమీటర్లు. కుదురుతుంది, కానీ ఒక్కరోజులో కాదు. మొదటి రాత్రి విజయవాడలోనో రాజమహేంద్రవరంలోనో, రెండో రాత్రి విశాఖలో ఆగి, మూడో రోజు పొద్దున ఘాట్ ఎక్కండి. ఏడాది లోపు పిల్లలను రెండు గంటలకు మించి సీటులో ఉంచకూడదు కాబట్టి హైవే మీద ప్రతి రెండు గంటలకు పావుగంట ఆపాల్సిందే. అన్ని రోజులు లేకపోతే రాత్రి రైలుకు విశాఖ వచ్చి, అక్కడ కారు మాట్లాడుకోవడం మేలు. చైల్డ్ సీటును మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి, అద్దె కార్లలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. వెనక సీట్లకు భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టు ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి. పక్కకు తిరిగి కూర్చునే సీట్లున్న జీపులకు చైల్డ్ సీటు బిగదు.

రైల్లో వెళ్లడం మంచిదా, కారులోనా?

విశాఖ–కిరండూల్ రైలు పొద్దున్నే బయలుదేరి దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. అద్దాల బోగీకి టికెట్ దొరికితే పిల్లలకు పండగే. మలుపులకు వాంతి చేసుకునే పిల్లలకు రైలే హాయి. ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది: తల్లీబిడ్డలు రైల్లో ఎక్కుతారు, ఇంకొకరు కారును ఘాట్ మీదుగా తెచ్చి అరకు స్టేషన్లో కలుస్తారు, దిగేటప్పుడు అందరూ కారులో వస్తారు. సొరంగాలు యాభైకి పైగా ఉన్నాయి. ప్రతి సొరంగంలో కుర్రకారు కేకలు పెడుతుంది. చీకటికి, అరుపులకు జడిసే బిడ్డ అయితే ముందే చెప్పి ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

## బండి, సీటు

చైల్డ్ సీటు తప్పనిసరా? ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదా?

చాలదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్ది కారు అర మీటరు లోపే ఆగిపోయిందనుకోండి, పది కిలోల బిడ్డ మీ చేతుల్లోంచి వంద కిలోలకు పైబడిన బరువుతో ముందుకు పోతుంది. ఆ బరువును ఏ చేతులూ ఆపలేవు. మీ బెల్టులోనే బిడ్డనూ కలిపి కట్టుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే మీ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా (సెక్షన్ 194బి). ఘాట్ మీద వేగం తక్కువే కదా అంటారు. నిజమే, కానీ ఎదురుగా మలుపులో వచ్చే లారీ వేగం మీ చేతుల్లో లేదు.

సీటు సరిగ్గా బిగిందని ఎలా తెలుస్తుంది?

మూడు పరీక్షలు చేయండి. ఒకటి, బెల్టు లేదా ఐసోఫిక్స్ (చైల్డ్ సీటును నేరుగా కారుకే తగిలించే ఏర్పాటు) కొక్కెం పోయే చోట సీటును పట్టుకుని పక్కలకు లాగండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మీ మోకాలు సీటు మీద వేసి నొక్కుతూ మళ్లీ బిగించండి. రెండు, బిడ్డ భుజం మీద పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చిక్కిందంటే పట్టీ వదులుగా ఉన్నట్టు. మూడు, పట్టీ బయటికి వచ్చే చోటు చూడండి. వెనక్కి తిరిగి కూర్చునే సీటులో అది భుజానికి సమానంగా గానీ కొంచెం కింద గానీ, ముందుకు తిరిగిన సీటులో సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి. కొనేటప్పుడు ఆర్44 లేదా ఆర్129 అనే భద్రతా ప్రమాణం గుర్తు చూడండి. కనీసం 15 నెలలు నిండేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. సీటు పరిమితి ఒప్పుకున్నంత కాలం అలాగే ఉంచితే ఇంకా మంచిది. వెనక్కి తిరిగే సీటును ముందు వరుసలో, ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట ఎప్పుడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా బిడ్డ తల వెనకే తగులుతుంది.

స్వెటరు, జాకెట్ వేసి సీటులో కూర్చోబెట్టొచ్చా?

పల్చటి స్వెటరు పర్వాలేదు. ఉబ్బుగా ఉండే జాకెట్ వద్దు. పట్టీ బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది కానీ, కారు ఆగిన ఊపుకు జాకెట్లోని గాలంతా అణిగి పట్టీ వదులైపోతుంది. ముందు పట్టీలు బిగించి, ఆ పైన దుప్పటి కప్పండి.

ఏడు సీట్ల బండిలో బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలి?

మధ్య వరుసలో. చివరి వరుస వెనక చక్రాల మీద ఉంటుంది. ప్రతి మలుపుకూ ఊపు అక్కడే ఎక్కువ, కిటికీ చిన్నది, గాలి తక్కువ. ఒక పెద్ద మనిషి పక్కనే కూర్చోవాలి, ఆ మనిషికి మలుపుల్లో కడుపు తిప్పకూడదు. సాధారణంగా ఈ పని నానమ్మకో అమ్మమ్మకో అప్పగిస్తారు, వాళ్లకే ముందు వాంతి వస్తుంది.

కారులో ఏమేం చూసుకోవాలి?

బ్రేకులు, టైర్లు, కూలెంట్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సందేహంగా ఉన్నా మెకానిక్‌కు చూపించాకే కదలండి. బ్రేక్ ప్యాడ్లు అరిగి కీచుమంటుంటే మార్పించండి, ఘాట్ దిగడానికి అవి చాలవు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గర అతికించిన పట్టికలో రాసినంత పట్టించండి. స్టెప్నీలో గాలి చూడటం అందరూ మరిచిపోతారు, జాకీ ఉందో లేదో కూడా. వైపర్లు, ఫాగ్ ల్యాంపులు చూడండి. పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకోండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్‌ను ఫోన్లో ముందే దించుకోండి, గది బుక్ చేసిన నంబరు కాగితం మీద రాసుకోండి.

## సంచిలో ఏం ఉండాలి

మందులు ఏవేవి తీసుకెళ్లాలి?

ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, పారాసిటమాల్ సిరప్, థర్మామీటరు, ముక్కుకు వేసే సెలైన్ చుక్కలు, దూది, బ్యాండేజీ, డైపర్ దద్దుర్ల క్రీము, బిడ్డ రోజూ వాడే మందులు. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇన్‌హేలరు, స్పేసరు తప్పనిసరి.

పారాసిటమాల్ దగ్గరే పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. మన దగ్గర 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సిరప్, 250 ఉన్న సిరప్ రెండూ దొరుకుతాయి. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. మొదటి సిరప్‌లో అది సుమారు 6 మిల్లీలీటర్లు, రెండో దానిలో 3. సీసా మారితే కొలత మారాలి. అందుకే మీ డాక్టరు చెప్పిన కొలతను సీసా మీదే పెన్నుతో రాసి పెట్టండి. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు మోతాదులకు మించకూడదు.

వాంతి రాకుండా ముందే మాత్ర వేసేయొచ్చా?

రెండేళ్ల లోపు పిల్లలకు వద్దు. పెద్దవాళ్లు ప్రయాణానికి వేసుకునే అవోమిన్‌లో ఉన్నది ప్రొమెథజైన్. రెండేళ్ల లోపు పిల్లల్లో అది ఊపిరి మందగించేలా చేయగలదు. 'సగం ముక్క వేస్తే నిద్రపోతాడు' అనే సలహా ఇంట్లో ఎవరు ఇచ్చినా వినకండి. రెండేళ్లు దాటాక కూడా డాక్టరు బరువు చూసి రాసిస్తేనే వేయాలి. అలా రాయించుకున్న మందును ముందు ఇంట్లో ఒకసారి వేసి చూడండి. కొందరు పిల్లలు దానికి మత్తుగా పడుకోకుండా, ఉల్టాగా పేచీ పెడతారు. ఏడాది లోపు పిల్లలకు అసలు మలుపుల వాంతి అరుదు. ఎక్కువగా వచ్చేది రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య.

బట్టలు, డైపర్లు ఎన్ని పెట్టుకోవాలి?

రోజుకు మూడు జతలు, పైగా కారులో చేతికందేలా రెండు జతలు విడిగా. చలికాలంలో ఒకే మందపు స్వెటరు కంటే పల్చటివి రెండు మూడు పొరలుగా వేస్తే నయం, ఎండెక్కాక ఒక్కొక్కటీ తీయొచ్చు. చెవులు కప్పే టోపీ, రెండు జతల మేజోళ్లు. రెండు రాత్రులకు డైపర్లు 18 నుంచి 20. మీరు వాడే రకం కొండ మీద దొరక్కపోవచ్చు. వాడేసిన వాటిని లోయలోకి విసరకుండా కవరులో కట్టి తిరిగి విశాఖ తెచ్చి పారేయండి. కొండవాగుల నీళ్లు తాగే ఊళ్లున్నాయి కింద.

## ఘాట్ ఎక్కేటప్పుడు

వాంతులు లేకుండా ఘాట్ ఎక్కించడం ఎలా?

అన్నిటికంటే ముందు టిఫిన్ వేళ సరిచేయండి. చాలామంది ఆరింటికి బయలుదేరి, ఏడున్నరకు శృంగవరపుకోటలో బిడ్డకు పాలు, పూరీ పెట్టించి, వెంటనే ఘాట్ ఎక్కుతారు. కడుపు నిండా ఉన్న బిడ్డకు మొదటి పది మలుపుల్లోనే తిప్పేస్తుంది. అలా కాకుండా ఐదున్నర, ఆరింటికి ఇంట్లోనే ఒకటిన్నర ఇడ్లీయో, కాస్త ఉప్మాయో పెట్టి బయలుదేరండి. ఘాట్ మొదలయ్యేసరికి గంటన్నర, రెండు గంటలు గడిచి కడుపు తేలికపడుతుంది. పూర్తిగా ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. కోటలో (శృంగవరపుకోటలో) ఒక బిస్కెట్, నాలుగు గుక్కల నీళ్లు చాలు.

ఫోను ఇవ్వకండి. తెర కదలదు, ఒళ్లు కదులుతుంది, కన్నూ చెవీ చెప్పే కబుర్లు కలవక కడుపు తిరుగుతుంది. ముందు అద్దంలోంచి దూరంగా కొండను చూపించండి. ఏసీలో లోపలి గాలినే తిప్పే మీట ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టండి, లేదంటే రెండు కిటికీలు నాలుగు అంగుళాలు దించండి. కారు సెంటు సీసా తీసేయండి. డ్రైవరు మలుపులోకి వెళ్లాక బ్రేకు వేయకుండా మలుపుకు ముందే వేగం తగ్గించాలి. సగం వాంతులు ఈ ఒక్క అలవాటుతో తగ్గుతాయి.

బిడ్డ నిద్రలో ఉంటే అంతకంటే మంచిది లేదు. పది గంటలకు కునుకు తీసే బిడ్డ అయితే తెల్లవారే బయలుదేరకుండా, ఆ కునుకు ఘాట్‌లో పడేలా తొమ్మిదిన్నరకల్లా కోటకు చేరండి.

వాంతి చేసేసుకుంటే ఏం చేయాలి?

కారు కదులుతుండగా పట్టీ విప్పొద్దు. పక్కన కూర్చున్నవాళ్లు బిడ్డ ముఖాన్ని పక్కకు తిప్పి, తువ్వాలు అడ్డుపెట్టి నోరు తుడవాలి. డ్రైవరు మలుపులో కాకుండా, రెండు వైపులా కనిపించే వెడల్పాటి చోట ఆపాలి. బిడ్డను లోయ వైపు కాకుండా కొండ వైపు తలుపు నుంచి దింపండి. పది నిమిషాలు ఏమీ పట్టకండి. తర్వాత ఓఆర్‌ఎస్ నీళ్లు రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. దాహంగా ఉందని ఒక్కసారిగా గ్లాసుడు ఇస్తే అదీ బయటికి వస్తుంది. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, పొట్లం మీద రాసిన కొలత చూడండి. సగం పొడి, సగం గ్లాసు అంటూ కంటి అంచనాతో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది.

ఘాట్ దాటి రెండు గంటలైనా వాంతులు ఆగకపోతే అది మలుపుల వల్ల కాకపోవచ్చు. పచ్చగా వాంతి, ఆరు గంటలకు పైగా మూత్రం లేకపోవడం, మగత కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లండి.

చెవులు మూసుకుపోయి ఏడిస్తే?

ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. మింగితే చెవి తెరుచుకుంటుంది. పెద్ద పిల్లలకు స్ట్రా వేసిన సీసాలో నీళ్లు, చిన్నవాళ్లకు పాలసీసా. తల్లిపాలు తాగే బిడ్డ అయితే కారు ఆపి, సీటులోంచి తీసి పట్టండి. కదిలే కారులో పట్టీలు విప్పి పాలివ్వడం వద్దు. జలుబు ఉన్న బిడ్డకు దిగే అరగంట ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి.

మధ్యలో ఎక్కడ ఆపొచ్చు? పిల్లలకు బాత్రూమ్ దొరుకుతుందా?

శృంగవరపుకోట, టైడా, బొర్రా, అరకు. నమ్మదగినవి ఇవే. డముకు, గాలికొండ వ్యూ పాయింట్ల దగ్గర చూపు బాగుంటుంది, కానీ బండ్లు రోడ్డు మీదే నిలుపుతారు. అక్కడ బిడ్డను దింపితే చెయ్యి వదలకండి. గాలికొండ దగ్గర గాలి బాగా కొడుతుంది, టోపీ పెట్టాకే దింపండి. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటలు, మిరియాల తీగలు చూపించడానికి ఆగొచ్చు.

పొగమంచు కమ్మితే ఆగాలా, వెళ్లాలా?

ముందున్న బండి వెనక దీపం రెండు బండ్ల దూరంలోనే మాయమవుతుంటే ఆగండి, తొమ్మిది దాటాక చాలాసార్లు విచ్చుకుంటుంది. వెళ్లక తప్పకపోతే హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి. బ్రైట్ వేస్తే మంచు మీద పడి మీ కళ్లకే కొడుతుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించకండి, మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు తెలియదు. ప్రతి మూసిన మలుపులో హారన్ కొట్టండి. ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలన్నది కొండ రోడ్ల నియమం.

## తిండి, నీళ్లు

అక్కడ పిల్లలకు ఏం పెట్టాలి?

వేడి ఇడ్లీ, పెరుగన్నం, పప్పన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు. బొంగులో చికెన్ పెద్దవాళ్లకే. కారం ఎక్కువ, మాంసం గొంతుకు అడ్డుపడేంత పీచుగా ఉంటుంది. నీళ్లు మరిగించి చల్లార్చినవే పట్టండి, గదిలోకి చిన్న కరెంటు కెటిల్ తీసుకెళ్తే పాల సీసాలకూ పనికొస్తుంది.

రోడ్డు పక్క అమ్మే తేనె స్వచ్ఛమైనదే అయినా ఏడాది లోపు బిడ్డ నాలుకకు కూడా రాయకూడదు. తేనెలో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. సీతాఫలాల కాలమైతే గింజలు తీసేసి గుజ్జు మాత్రమే పెట్టండి. వేరుశనగలు, కాల్చిన మొక్కజొన్న గింజలు, పాప్‌కార్న్ ఐదేళ్ల లోపు పిల్లలకు కారులో అసలు వద్దు. గతుకులో ఒక గింజ ఊపిరిగొట్టంలోకి పోతే చాలు.

## కొండ మీద

బొర్రా గుహల్లోకి చిన్న పిల్లలను తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, స్ట్రోలరులో మాత్రం కుదరదు. మెట్లు ఎక్కువ, చాలాచోట్ల తడిగా, జారుడుగా ఉంటాయి. ఛాతీకి కట్టుకునే క్యారియరులో పెట్టుకుంటే మీ రెండు చేతులూ రెయిలింగ్ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. మోసే మనిషి అడుగు పట్టుండే బూట్లు వేసుకోవాలి. గబ్బిలాల వాసన, చీకటి, రంగు దీపాలు చూసి రెండేళ్ల పిల్లలు బెదరడం మామూలే. మొదటి పెద్ద గది దాకా వెళ్లి బిడ్డ తీరు చూడండి, ఏడిస్తే తిరిగి వచ్చేయండి. లోపలికి వెళ్లినంత మెట్లు మళ్లీ ఎక్కాలి కాబట్టి సగం ఓపిక మిగిలి ఉండగానే తిరగడం తెలివైన పని. బయట కోతులుంటాయి, బిస్కెట్ పొట్లం బిడ్డ చేతికి ఇవ్వకండి. గుహలకు దగ్గర్లోని కటికి జలపాతానికి జీపులో కుదుపులు, ఆపై నడక. పసిపిల్లలతో అది వదిలేయండి.

చాపరాయిలో నీళ్లలో ఆడించొచ్చా?

ఒడ్డున కూర్చుని పాదాలు తడిపితే చాలు. అరకు నుంచి పాడేరు దారిలో పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఈ చోట నీళ్లు వెడల్పాటి బండ మీదుగా జారుతాయి. పల్చగా, అమాయకంగా కనిపిస్తాయి. కానీ బండ నిండా నాచు, కింద లోతైన గుంతలు. కాలు జారితే పట్టు దొరకదు. ఇక్కడ ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. బిడ్డను ఎత్తుకుని తడి బండ మీద నడిచి ఫోటో దిగాలన్న ఆలోచన మానుకోండి. పైన వాన పడితే నీరు ఒక్కసారిగా పెరుగుతుంది.

మరి పిల్లలు హాయిగా ఆడుకునే చోటు ఏది?

పద్మాపురం తోట. చదునైన దారులు, పచ్చిక, చిన్న రైలు ఉన్నాయి, స్ట్రోలరు నడుస్తుంది. గిరిజన మ్యూజియం కూడా బాగుంటుంది. మనుషులంత బొమ్మలు, పనిముట్లు, డప్పులు చూసి మూడేళ్ల పిల్లలు లక్ష ప్రశ్నలు అడుగుతారు. సాయంత్రం థింసా నృత్యం ఉంటే తప్పక చూపించండి, మంట పొగ తగలని వైపు కూర్చుని. ఒక పూటకు ఒక్క చోటు. మధ్యాహ్నం రెండు గంటలు గదిలో నిద్ర. ఈ లెక్క తప్పితే మూడింటికల్లా బిడ్డ ఏడుపు, మీ చిరాకు కలిసి ఏ చోటూ చూడనివ్వవు. దారిలో ఊళ్ల పిల్లలకు కారులోంచి చాక్లెట్లు విసరకండి. వాటి కోసం వాళ్లు బండ్ల వెంట పరుగెత్తడం అలవాటు చేసుకుంటారు. వాళ్లూ మన పిల్లల్లాంటి పిల్లలే.

రాత్రి గది చల్లగా ఉంటే కుంపటి పెట్టొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే నీళ్లు బకెట్లో పట్టి, గీజరు ఆపి, గాలి ఆడాక బిడ్డకు స్నానం చేయించండి. ఏడాది లోపు బిడ్డకు పడకలో వదులు దుప్పట్లు, రగ్గులు కప్పకుండా ఒంటికి ఒక పొర బట్ట ఎక్కువ వేయండి. మీ మంచం మీద మీ రగ్గు కిందికి తీసుకోవద్దు.

దోమల సంగతేమిటి?

మన్యంలో మలేరియా ఉంది, ముఖ్యంగా వానాకాలంలోనూ ఆ తర్వాతా. పొద్దు గుంకే ముందే పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మేజోళ్లు వేయండి. మడత దోమతెర ఇంటి నుంచి తెచ్చుకోండి. డీట్ (దోమలను తరిమే రసాయనం) ఉన్న క్రీములు రెండు నెలల లోపు పిల్లలకు పనికిరావు. ఆ పైబడ్డ పిల్లలకు కూడా చేతులకు, నోటి దగ్గర, కళ్ల దగ్గర రాయొద్దు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్లు దాటాకే.

అర్ధరాత్రి జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లాలి?

అరకులోయలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. అంబులెన్సుకు 108. గదిలో దిగగానే ఆసుపత్రి దారి, రాత్రిపూట పిలిస్తే వచ్చే డ్రైవరు నంబరు హోటల్ వాళ్లను అడిగి రాసుకోండి. ఆడుకుంటూ, నీళ్లు తాగుతున్న బిడ్డకు మామూలు జ్వరమైతే మందు వేసి తెల్లారేదాకా చూడొచ్చు. ఫిట్స్, రొమ్ము లోపలికి పోయేలా ఎగశ్వాస, లేపినా లేవని మగత, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే అప్పటికప్పుడే వెళ్లాలి. సొంత కారులో చీకట్లో విశాఖకు దిగాలని తొందరపడకుండా, ముందు అరకులో డాక్టరుకు చూపించి, అవసరమైతే 108లోనే దిగండి.

## దిగేటప్పుడు, ఇంటికి చేరాక

దిగడం తేలికే కదా, ఎందుకంత జాగ్రత్త?

ఘాట్‌లో బ్రేకులు విఫలమయ్యేది దిగేటప్పుడే. అదేపనిగా బ్రేకు తొక్కితే ప్యాడ్లు కాలి పట్టు పోతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ ఆ గేరే, అంటే రెండు, మూడు. ఆటోమేటిక్ అయితే ఎల్ లేదా మాన్యువల్ మోడ్. న్యూట్రల్‌లో జారనివ్వడం, ఇంజిన్ ఆపేయడం ప్రాణాలతో ఆట. కాలిన వాసన వస్తే వెడల్పాటి చోట ఆపి అరగంట ఆరనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయకండి. ఆపినప్పుడు గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాన్ని కొండ వైపు తిప్పి, చక్రానికి పల్లం వైపు రాయి పెట్టండి. కదిలేముందు ఆ రాయిని రోడ్డు మీద వదలకుండా తీసేయండి. మధ్యాహ్నం రెండింటికల్లా అరకు విడిస్తే వెలుతురు ఉండగానే కోట చేరతారు.

వాంతి పడిన చైల్డ్ సీటు ఎలా శుభ్రం చేయాలి?

గుడ్డ కవరు విప్పి చల్లటి నీళ్లతో, మామూలు సబ్బుతో ఉతకండి. భుజం పట్టీలను మాత్రం నీళ్లలో నానబెట్టకుండా, మెషిన్‌లో వేయకుండా తడిగుడ్డతో తుడవండి. నానితే నేత బలం తగ్గుతుంది. బకిల్‌లో చిక్కిన మెతుకులు గోరువెచ్చని నీళ్లు పోసి కడిగి, టక్కుమని లాక్ పడుతోందో లేదో చూడండి.

తిరిగి వచ్చిన రెండు వారాలకు పాపకు జ్వరం వచ్చింది. అరకుకీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. మలేరియా దోమ కుట్టిన వారం నుంచి నెల లోపు సాధారణంగా బయటపడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. చలి వణుకు లేకుండా ఉత్త జ్వరంలా, వాంతులు, విరేచనాలతో కూడా పిల్లల్లో కనిపిస్తుంది. జలుబు జ్వరమేలే అని మూడు రోజులు సిరప్‌తో నెట్టుకురాకుండా మొదటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి 'ఏజెన్సీకి వెళ్లి వచ్చాం' అని చెప్పండి. ఆ ఒక్క మాట వింటే డాక్టరు మలేరియా రక్తపరీక్ష రాస్తారు. ర్యాపిడ్ కిట్‌తో ఫలితం అరగంటలోపే వస్తుంది. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి.